మడ అడవి టికెట్టు డబ్బులో ఊరి వాటా: పద్దెనిమిదేళ్ల తర్వాత

2006లో మా అత్తగారు ఇక నడవలేనని చెబితే ఆవిడ బదులు నేను కమిటీ సభ్యురాలినయ్యాను. కోరంగి అభయారణ్యం అంచున, పాయకి ఇవతల ఒడ్డున ఉంటుంది మా ఊరు. పర్యావరణ అభివృద్ధి కమిటీ అని కాగితాల్లో ఉంటుంది గానీ ఊళ్లో అందరం ఈడీసీ అనే అంటాం. ఇంటికి ఒక ఆడ, ఒక మగ సభ్యులు. అడవిని మేం కాపాడాలి, అడవి మీద వచ్చే రాబడిలో ఊరికి వాటా రావాలి. ఒప్పందం ఇదే. మీ ఊళ్లో ఇలాంటి కమిటీ పెడుతున్నారంటే చేరాలా వద్దా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మేం వదులుకున్నది చెప్పాలి, ఎందుకంటే వాటా లెక్క అక్కడే మొదలవుతుంది. మా అత్తగారి రోజుల్లో పొయ్యిలోకి మడ పుల్లే. నీళ్లు తీసే వేళ చూసుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు నావలో వెళ్లి, మోకాలి లోతు బురదలో దిగి ఎండు కొమ్మలు విరుచుకొచ్చేవారు. 1978లో అభయారణ్యం అని ప్రకటించినా ఎండు పుల్లల దగ్గర మా ఊళ్లో ఎవరూ అంతగా అడ్డుపడలేదు. 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అభయారణ్యాల్లోంచి ఎండిన చెట్లు, గాలికి పడిన చెట్లు, గడ్డి కూడా తీయకూడదని ఆదేశించింది. ఆ తర్వాత కట్టుబాటు బిగిసింది. ఏజెన్సీలో వన సంరక్షణ సమితులకు, అంటే అడవిని కాపాడే ఊరి సంఘాలకు, వెదురు, కలప నరికినప్పుడు వాటా ఉంటుంది. మాకు నరకడమే లేదు. చెక్క వంతెన మీద నడవడానికి, బోటు ఎక్కడానికి వచ్చే జనం కొనే టికెట్టే మాకు పంట. ఈ మాట మొదటిసారి సభలో చెప్పినప్పుడు మా అత్తగారు లేచి, "అయితే బాబూ, పొయ్యిలో టికెట్లు పెట్టుకోమంటారా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి కొన్నేళ్లు పట్టింది. 1999లో వచ్చిన దీపం పథకంలో కొన్ని ఇళ్లకి గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి, చాలా ఇళ్లకి రాలేదు. కమిటీ చేతికి మొదట వచ్చిన డబ్బుని వడ్డీ లేకుండా వాళ్లకే ఇచ్చాం. నెలనెలా కడితే అదే డబ్బు ఇంకో ఇంటికి వెళ్లేది. పద్దెనిమిదేళ్లలో మేం చేసిన వాటిలో దీన్నే నేను అన్నిటికంటే పైన పెడతాను. రెండోది రేవు మెట్లు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వానాకాలంలో ఆ ఒడ్డు ఎక్కినవాళ్లకి సిమెంటు మెట్ల విలువ వేరే చెప్పక్కర్లేదు.

అడవి మాత్రం నిజంగా తిరిగి వచ్చింది. ఉప్పు పేరుకుని బోడిగా పడి ఉన్న చోట చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వాం. మధ్యలో పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ వాలుగా పిల్ల కాలవలు. పోటు నీళ్లు లోపలికి వచ్చి, పాటుకి ఉప్పుని లాక్కుని పోతాయి. అప్పుడు మడ మొక్క బతుకుతుంది. మేం నాటిన తెల్లమడ ఇప్పుడు నా తల దాటింది. 1996 నవంబరు తుపాను చూసిన మా ఊరి పెద్దవాళ్లకి ఆ చెట్లు ఎందుకో ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక బాధపెట్టిన విషయాలు. నేను కోశాధికారిగా ఉన్న నాలుగేళ్లలో ఒక ఏడాది లెక్కల్లో బోటు కుర్రాళ్ల జీతాలు, ఊడ్చేవాళ్ల కూలి, కాలవలు తవ్విన కూలి అన్నీ కలిపి "గ్రామానికి చేరిన వాటా" అని రాశారు. నేను సంతకం పెట్టలేదు. కూలి అనేది చేసిన పనికి ఇచ్చేది. ఆ పని మా ఊరివాళ్లు చేయకపోతే ఇంకొకరిని పెట్టి ఇవ్వాల్సిందే. వాటా అలా కాదు. పని చేయలేని ముసలమ్మకి కూడా అందులో హక్కు ఉంది, ఆవిడ కూడా పుల్లలు మానుకుంది కాబట్టి. రెండు సభలు గొడవ జరిగాక లెక్క విడగొట్టారు. అప్పటినుంచి వచ్చిందెంత, కూలికి పోయిందెంత, మిగిలిన వాటా ఎంత అని మూడు వరసల్లో రామాలయం గోడ మీద రాయిస్తున్నాం. మీరు చేరితే మొదటి సభలోనే ఇది అడగండి.

ఇంకో టెన్షన్ ఉమ్మడి ఖాతా. చెక్కు మీద మా అధ్యక్షుడితో పాటు అటవీ శాఖ అధికారి సంతకం కూడా ఉండాలి. ఒకసారి అధికారి బదిలీ అయి, కొత్త సంతకం బ్యాంకులో ఎక్కేసరికి ఐదు నెలలు పట్టింది. ఖాతాలో డబ్బు ఉండి కూడా కూలీలకి అప్పు చెప్పాల్సి వచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బోట్లు ఆగాయి. టికెట్లు లేవు, వాటా లేదు, అడవికి కాపలా మాత్రం ఆగలేదు. అప్పుడే మా అబ్బాయి అమెరికా సంగతి చదివి చెప్పాడు. అక్కడ జాతీయ అడవుల రాబడిలో 25 శాతం ఆ చుట్టుపక్కల కౌంటీల (మన జిల్లాల్లాంటివి) బడులకీ రోడ్లకీ ఇవ్వాలని 1908లోనే చట్టం చేశారట. 1990ల్లో కలప కొట్టడం బాగా తగ్గిపోయేసరికి బడుల డబ్బూ పడిపోయింది. 2000లో ఇంకో చట్టం తెచ్చి ఖజానా నుంచి ఆ లోటు పూడ్చారు. అంత పెద్ద దేశంలోనూ ఒకే రాబడిని నమ్ముకున్న పల్లెకి అదే కష్టం వచ్చింది. మాకు ఖజానా నుంచి ఏమీ రాలేదు. మరుసటి ఏడాది నుంచి వాటాలో పదో వంతు కదపకుండా పక్కన పెడుతున్నాం.

చేరమనే చెబుతాను. కానీ ఒక పని మాకు ఇంకా కాలేదు. అడవి మూసినందువల్ల ఎక్కువ పోగొట్టుకున్నది పుల్లలకి, మండపీతలకి వెళ్లిన ఇళ్లు. ఊరంతటికీ సమానంగా ఖర్చుపెడితే ఆ ఇళ్లకి న్యాయం జరగదు. వాళ్ల జాబితా విడిగా రాయమని మూడు సభల్లో అడిగాను. మూడోసారి రాశారు, 31 ఇళ్లు తేలాయి. వాటి పేరున ఇంతవరకు ఒక్క రూపాయి కేటాయించలేదు. వచ్చే సభ సంక్రాంతి తర్వాత. ఆ జాబితా నా దగ్గరే ఉంది, తీసుకెళ్తాను.