నడినెత్తిన రోహిణి, పక్కనుంచి చూసే ఫైండరు: నాలుగేళ్ల వాడకం తరువాత

తిరిగే పీఠం మీద నిలిచే నా 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపుతో పాటు, దాన్ని గురిపెట్టడానికి పక్కన బిగించే చిన్న దుర్భిణి ఒకటి పెట్టెలో వచ్చింది. ఆ 9×50 (9 రెట్లు, 50 మి.మీ. లెన్సు) సూటి ఫైండరు మీద నాకున్న కక్ష నాలుగేళ్లయినా తీరలేదు. దాని లెన్సుల్లో లోపమేమీ లేదు, చుక్కలు సూదిమొనల్లా కనిపించేవి. లోపమంతా దానిలోకి చూడడానికి మనిషి కూర్చోవలసిన తీరులో ఉంది. మా ఊరు కృష్ణా డెల్టాలో, 16.5 డిగ్రీల అక్షాంశానికి దగ్గరగా ఉంటుంది. ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా రోహిణి నక్షత్రం ఉన్న దూరం కూడా దాదాపు అంతే కాబట్టి, అది మా డాబాకు నిట్టనిలువుగా పైకి వస్తుంది. పుష్యమిలోని చుక్కల గుంపు నడినెత్తికి 3 డిగ్రీల దూరంలో, కృత్తికలు 8 డిగ్రీల లోపు దూరంలో దాటిపోతాయి. చలికాలంలో మనం చూడదలచుకున్న వాటిలో చాలా భాగం ఇలా కొబ్బరిచెట్టు మొవ్వులోకి చూసినట్టు తలెత్తి చూడవలసినవే.

గొట్టం నిలువుగా నిలిచినప్పుడు సూటి ఫైండరులో కన్ను పెట్టే కొస నేలవైపు తిరుగుతుంది. దాని కిందికి కన్ను చేర్చాలంటే మోకాళ్ల మీద కూర్చుని, ఒక భుజం పీఠానికి ఆనించి, మెడ వెనక్కి విరిచి, ఆ భంగిమలోనే ఊపిరి బిగబట్టి గొట్టాన్ని వెంట్రుకవాసి చొప్పున జరపాలి. యాభై దాటి, మెడ ఎముకల అరుగుదలకు మాత్రలు వాడుతున్న నాకు అది రెండు నిమిషాలకు మించి సాధ్యమయ్యేది కాదు. పైగా బొమ్మ తలకిందులుగా ఉంటుంది కనుక ఒళ్లో పెట్టుకున్న నక్షత్ర పటాన్ని కూడా తిప్పి పట్టుకోవాలి.

అందుకే ఆరు నెలలు తిరగకుండానే ఒక మంచి ఐపీస్‌కు (గొట్టంలో కన్ను పెట్టి చూసే కటకం) పెట్టే డబ్బు పెట్టి, చూపును పక్కకు మళ్లించే లంబకోణ ఫైండరు కొన్నాను. మొదట కొన్నది పొరపాటు సరుకు. అందులో ఉన్నది మామూలు అద్దం కావడం వల్ల బొమ్మ నిటారుగానే ఉండేది కాని కుడి ఎడమలు తారుమారయ్యేవి. తలకిందులైన బొమ్మకు పటాన్ని తిప్పి సరిపెట్టుకోవచ్చు, కుడి ఎడమలు మారిన బొమ్మకు పటాన్ని ఎటు తిప్పినా సరిపడదు. కొనేటప్పుడు లంబకోణం అన్న మాట ఒక్కటే చూడకుండా, లోపల కుడి ఎడమలను సరిచేసే అమిచి పట్టకం ఉందా, బొమ్మ ఉన్నదున్నట్టు కనిపిస్తుందా అని అడిగి తెలుసుకోవాలి. రెండోసారి అలా అడిగి తెచ్చుకున్నదే ఈ నాలుగేళ్లుగా నా గొట్టం మీద ఉంది.

దానివల్ల కలిగిన సుఖం ఇంతా అంతా కాదు. డాబ్సోనియన్‌లో అసలు ఐపీస్ గొట్టం పైకొసన పక్కకు ఉంటుంది, ఈ ఫైండరు కంటి కొసను కూడా అదే వైపుకు తిప్పి బిగించుకోవచ్చు. పీట మీద కూర్చున్నవాడిని కూర్చున్నట్టే ఉండి, కన్ను జానెడు పక్కకు జరిపితే ఫైండరు నుంచి ఐపీస్‌కు, ఐపీస్ నుంచి ఫైండరుకు వచ్చేస్తాను. 5 డిగ్రీల పైచిలుకు ఆకాశం పటంలో ఉన్నట్టే కనిపిస్తుంది, పటంలో ఎడమకు ఉన్న చుక్క అక్కడా ఎడమకే ఉంటుంది. మొదటి ఏడాది ఎవరు అడిగినా, ఇది ఒక్కటి ఉంటే ఇంకేమీ అక్కరలేదని చెప్పేవాడిని. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఆ సవరణకు కారణం ఒక జనవరి రాత్రి. సంక్రాంతి వెళ్లిన వారానికి అమావాస్య వచ్చింది. వృషభ రాశిలోని కర్కట నీహారికను (క్రాబ్ నెబ్యులా), అంటే 1054లో చైనా ఖగోళ పరిశీలకులు నమోదు చేసిన నక్షత్రపు పేలుడు తాలూకు శిథిలాన్ని, మా అబ్బాయికి చూపించాలని ముందే అనుకున్నాను. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త మెస్యే తన మసక వస్తువుల జాబితాలో దానికే మొదటి అంకె వేశాడు. వృషభం దక్షిణపు కొమ్ము కొసన ఉండే జీటా చుక్కకు అది డిగ్రీకి కాస్త ఎక్కువ దూరంలో వాయవ్యంగా ఉంటుంది. ఆ చుక్కను పట్టుకుంటే పని దాదాపు పూర్తయినట్టే. రాత్రి తొమ్మిదిన్నరకు అది దాదాపు మా నెత్తి మీదికి వచ్చింది.

నా పద్ధతి ప్రకారం గొట్టాన్ని మొదట ఎర్రచుక్క ఫైండరుతో (గురిపెట్టిన చోట ఆకాశం మీద ఎర్ర చుక్క ఉన్నట్టు చూపించే చిన్న పరికరం) ఆ కొమ్ము వైపు మళ్లించి, ఆ తరువాత లంబకోణ ఫైండరులోకి చూడాలి. ఎర్రచుక్క వెలగలేదు. డిసెంబరులో చివరిసారి వాడినప్పుడు మీట ఆపడం మరచిపోయాను, రూపాయి బిళ్లంత బ్యాటరీ నెల రోజుల్లో చచ్చిపోయింది. ఆ వేళప్పుడు ఊళ్లో అది దొరికే చోటు లేదు.

లంబకోణ ఫైండరుతోనే ఎందుకు కుదరదని మొండికేసి మొదలుపెట్టాను. పక్కనుంచి లోపలికి చూసే మనిషికి గొట్టం ఆకాశంలో ఎటు తిరిగి ఉందో ఒంటికి తెలియదని అప్పుడు అర్థమైంది. సూటి ఫైండరైతే ఒక కన్ను లోపల, ఒక కన్ను బయట పెట్టి ఉజ్జాయింపుగానైనా కలుపుకోవచ్చు, ఇక్కడ నా ముఖం తూర్పుకు, గొట్టం ముఖం నింగికి. రోహిణిని పట్టుకోగలిగాను, ఎందుకంటే ఆ ఎర్రని చుక్క, దాని చుట్టూ ఉన్న గుంపు దాచినా దాగవు. అక్కడి నుంచి కొమ్ము కొస 15 డిగ్రీలు, అంటే ఫైండరు వలయం మూడు సార్లు దాటాలి. పైగా గొట్టం నిలువుగా ఉన్నప్పుడు డాబ్సోనియన్ పీఠాన్ని ఎంత తిప్పినా చూపు పక్కకు కదలదు, గొట్టం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. కాస్త పక్కకు పోవాలంటే పీఠాన్ని పావు చుట్టు తిప్పి మళ్లీ వంచుకోవాలి. అలా తిప్పి, వంచి, తిప్పి చివరికి ఒక ప్రకాశవంతమైన చుక్కను పట్టుకుని, దాని వాయవ్యమంతా పావుగంట గాలించాను. ఏమీ లేదు. పటం మళ్లీ చూసుకుంటే నేను పట్టుకున్నది ఉత్తరపు కొమ్ము కొస. రెండు కొమ్ముల మధ్య దూరం 8 డిగ్రీల దాకా ఉంటుంది, ఫైండరు వలయంలో రెండూ ఒకేసారి కనిపించవు కనుక ఏది ఏదో చెప్పే ఆధారం నాకు లేకపోయింది.

అప్పటికి ముప్పావుగంట గడిచింది. మా అబ్బాయి చాప మీద పడుకుని, శాలువా ముక్కు దాకా లాక్కుని, "దొరికిందా నాన్నా" అని అడగడం కూడా మానేశాడు. కరెంటు వైరింగు తరువాత మిగిలిపోయిన పీవీసీ పైపు ముక్క ఒకటి మెట్ల కింద ఉన్న సంగతి గుర్తొచ్చింది. మూరెడు ముక్క కోసి, సైకిలు ట్యూబు పట్టీలతో ఫైండరు పక్కన కట్టాను. దాని గుండా చూడడానికి మళ్లీ అదే మోకాళ్ల భంగిమ కావాలి. ఏ భంగిమ నుంచి తప్పించుకోవడానికి అంత డబ్బు పోశానో, అది తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. నేను నసుగుతుంటే వాడే లేచి వచ్చి, పీఠం పక్కన వెల్లకిలా తల పెట్టి, "నాన్నా, ఇటు... ఇంకొంచెం... ఆగు, కొమ్ము వచ్చింది" అన్నాడు. ఫైండరులోకి చూస్తే జీటా చుక్క అంచున ఉంది. మధ్యకు తెచ్చి, చూపు మేర వెడల్పుగా ఉండే 30 మి.మీ. ఐపీస్ పెట్టాను. ఒక అంచున చుక్క, రెండో వైపు, నేరుగా చూస్తే మాయమై ఓరచూపుకు తేలే పొగమరక. వాడికి అది కనబడడానికి రెండు నిమిషాలు పట్టింది, కనబడ్డాక చాలాసేపు జరగలేదు.

ఆ రాత్రి గెలిపించింది నేను పొగుడుతూ వచ్చిన ఫైండరు కాదని ఒప్పుకోవాలి. మొదట పీవీసీ పైపు, ఆ తరువాత ఆ వెడల్పు ఐపీస్. 1200 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న నా గొట్టంలో అది 40 రెట్లు పెద్దది చేసి 1.7 డిగ్రీల దాకా ఆకాశాన్ని చూపిస్తుంది. గొట్టంతో వచ్చిన 25 మి.మీ. ప్లోసెల్ రకం ఐపీస్‌లో చూపు మేర డిగ్రీ దగ్గరే ఆగిపోతుంది కనుక చుక్క, నీహారిక ఒకే చూపులో ఇమడవు. డబ్బు ఒక్కదానికే ఉన్నవారు ముందు వెడల్పు ఐపీస్ కొని, ఆ తరువాత ఫైండరు సంగతి ఆలోచించినా తప్పు లేదనిపిస్తుంది.

ఎర్రచుక్క ఫైండరుకు ఇప్పుడు సంచిలో ఎప్పుడూ రెండు బ్యాటరీలు అదనంగా ఉంటాయి. టెల్‌రాడ్ అనే మరో రకం ఫైండరును ఒక మిత్రుని దగ్గర తీసుకుని నెల రోజులు వాడి చూశాను. అర డిగ్రీ, 2, 4 డిగ్రీల మూడు ఎర్ర వలయాలు ఆకాశం మీద గీసినట్టు కనిపించడం చూస్తే ముచ్చటేస్తుంది, అయితే దానికీ తల గొట్టం వెనకకే పెట్టాలి. ఆకాశంలోకి గురిపెట్టే ఆకుపచ్చ లేజరు జోలికి నేను పోను, మా నెత్తి మీదుగానే గన్నవరం విమానాలు దిగుతాయి. ఇప్పుడు నేను ఎక్కువగా నమ్ముకున్నది వడ్రంగులు వాడే అయస్కాంతపు డిజిటల్ కోణమాపకం. నా గొట్టం ఇనుప రేకుదే కనుక అది ఇట్టే అతుక్కుంటుంది. ఫోనులో స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్ చూపించిన ఎత్తుకు గొట్టాన్ని వంచి, ఆ ఎత్తు మీదే అటూ ఇటూ జరిపితే చాలాసార్లు వెతుకుతున్నది ఫైండరులో పడుతుంది. నాలుగు నిమిషాలకు ఆకాశం డిగ్రీ మేర జరిగిపోతుంది కనుక అంకెను మధ్యమధ్య మళ్లీ చూసుకోవాలి. సరిగ్గా నడినెత్తిన మాత్రం ఎత్తు ఒక్కటే తెలిసి ప్రయోజనం తక్కువ.

లంబకోణ ఫైండరు మీద ఇంకో చిన్న ఫిర్యాదు ఉంది. గొట్టం దక్షిణపు దిగువకు వంగినప్పుడు దాని కంటి కొస ఆకాశం వైపు తెరుచుకుని మంచును ఆహ్వానిస్తుంది. డెల్టాలో చలికాలపు రాత్రి పదకొండు దాటితే పిట్టగోడ మీది నుంచి నీళ్లు జారుతాయి. ముందు లెన్సుకు పాత యోగా చాప ముక్కను గొట్టంలా చుట్టి తొడిగాను, అది బాగా పనిచేస్తోంది. కంటి కొసకు మాత్రం చూడని వేళల్లో మూత పెట్టడం తప్ప మరో ఉపాయం దొరకలేదు. ఫైండరు బరువుకు గొట్టం ముక్కు వాలుతుంటే వెనక కొసన గుడ్డ చుట్టిన పాత స్పీకరు అయస్కాంతం అంటించాను, మూడేళ్లుగా ఊడలేదు.

  

మెడ నొప్పి లేనివారికి, ఎత్తు తక్కువ వస్తువులే ఎక్కువగా చూసేవారికి, లేదా మా కంటే ఉత్తరాన ఉండి రోహిణి నెత్తి మీదికి రానివారికి నా సిఫారసు ఎంతవరకు వర్తిస్తుందో చెప్పలేను. నా మెడకు, మా డాబాకు మాత్రం ఎర్రచుక్కతో కలిపి లంబకోణ ఫైండరే సరైన జోడీ. మా అబ్బాయికి ఇప్పుడు పదిహేనేళ్లు. నేను ఊళ్లో లేని రాత్రుల్లో వాడు నా ఫైండరును ఊడదీసి, సొరుగులోంచి ఆ పాత సూటి ఫైండరును తీసి బిగించుకుంటాడు. గొట్టం ఎటు చూస్తోందో దానిలోనే తెలుస్తుందట. తిరిగి వచ్చాక స్క్రూలు మళ్లీ సరిచేసుకోవడం నా వంతు.