దేవుని రాజ్యం ఎవరిది? ఈ ప్రశ్నకు తెలుగు పాత అనువాదం ఎంతవరకు పనికొస్తుంది

దేవుని రాజ్యం దేశాలకు చెందినదా, ఒక్కొక్క విశ్వాసికి చెందినదా? ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని పాత అనువాదం బైబిల్‌ని (బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత తెలుగు బైబిల్‌ని) చదివితే దాని బలం, లోపం రెండూ బయటపడతాయి. బలమే ఎక్కువ. కానీ లోపం ఉన్నది అసలు కీలకమైన వచనంలోనే.

ముందు బలం. తెలుగులో నీవు, మీరు వేరు కాబట్టి కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకులోని ఏకవచన, బహువచనాల తేడా ఇక్కడ నిలుస్తుంది. యోహాను 3:7 చూడండి: "మీరు క్రొత్తగా జన్మింపవలెనని నేను నీతో చెప్పినందుకు". మాట యేసు దగ్గరికి వచ్చిన నీకొదేముకు ఒక్కడికే, షరతు అందరికీ. దానికి ముందు 3:3లో "ఒకడు క్రొత్తగా జన్మించితేనే" అని ఉంది. అంటే ఏ దేశంలో పుట్టినా, ఏ కుటుంబంలో పుట్టినా రాజ్యపు గుమ్మం ఒక్కొక్కరుగా దాటవలసిందే. లూకా 17:21లో కూడా "మీ మధ్యనే యున్నది" అనే మాట సరైన ఎంపిక. "మీలోపల" అని పెట్టినవారూ ఉన్నారు. కానీ యేసు అక్కడ జవాబిస్తున్నది పరిసయ్యులకు (ఒక యూదు మతవర్గం వారికి), సర్వనామం బహువచనం. రాజ్యమంటే ఎవరి గుండెలో వారికి కలిగే అనుభూతి మాత్రమే అనుకోవడానికి ఈ అనువాదం చోటివ్వదు.

ఇక లోపం. మత్తయి 21:43లో రాజ్యం "దాని ఫలమిచ్చు జనుల"కు ఇవ్వబడుతుందని చదువుతాం. "జనులు" అనగానే మనసుకు తోచేది కొందరు మనుషులు. గ్రీకులో ఉన్నది ఎత్నోస్, అదీ ఏకవచనంలో: ఒక జనం, ఒక జాతి. ఇదే మాట 1 పేతురు 2:9లో వస్తే పాత అనువాదం "పరిశుద్ధజనము" అని ఏకవచనంలోనే పెట్టింది. పేతురు ఆ మాట తీసుకున్నది నిర్గమకాండము 19:6 నుంచి. హెబ్రీలో రాసిన ఆ గ్రంథపు ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ ఎత్నోస్ అనే ఉంది. సీనాయి దగ్గర ఇశ్రాయేలుతో అన్న మాట, ద్రాక్షతోట ఉపమానం చివర (మత్తయి 21:43లో) అన్న మాట, చెదరిన విశ్వాసులకు పేతురు రాసిన మాట: మూడూ ఒకే దారాన ఉన్నాయి. తెలుగులో ఆ దారం మధ్యలో తెగింది. ఒకరు మత్తయి వచనాన్ని తమ దేశానికి వాగ్దానంగా, మరొకరు కేవలం విడివిడి వ్యక్తులకు వాగ్దానంగా చదవడానికి ఇదొక కారణం. అక్కడ చెప్పిన జనానికి సరిహద్దు లేదు, జెండా లేదు. ప్రకటన 5:9, 10 ప్రకారం ప్రతి వంశంలో నుంచి, ప్రతి భాషలో నుంచి కొనబడినవారే ఆ రాజ్యం. లోపలికి వచ్చేది ఒక్కొక్కరు, రాజ్యాన్ని అందుకునేది ఒక జనం. కాబట్టి మత్తయి 21:43 అంచున "ఒక జనమునకు" అని పెన్సిల్‌తో రాసుకుని, పక్కనే నిర్గమకాండము 19:6, 1 పేతురు 2:9 అని వేసుకోవడం మంచిది.

ఫోన్‌లో వెదికేవారికి ఒక జాగ్రత్త. "రాజ్యము" అని కొడితే కొలొస్సయులకు 1:13 తప్పిపోతుంది. అక్కడున్నది "రాజ్యనివాసులనుగా". విశ్వాసి ఇప్పటికే రాజ్యంలో ఉన్నాడని చెప్పే ముఖ్యమైన వచనమే జాబితాలోకి రాదన్నమాట. "రాజ్య" వరకే కొట్టండి. అక్కర్లేనివి కూడా చాలా వస్తాయి, ఓపికగా ఏరుకోవాలి. "దేవుని రాజ్యము" అని మాత్రమే వెదికితే మత్తయి దాదాపు ఖాళీగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆయన ఎక్కువగా వాడేది "పరలోకరాజ్యము". ప్రతి గ్రీకు మాటకూ ఒక సంఖ్య ఇచ్చే పదసూచిక (స్ట్రాంగ్స్) ఉంటే రాజ్యానికి 932, జనానికి 1484 చూడండి. రెండోది తెలుగులో జనులు, జనములు, అన్యజనులు అని రకరకాలుగా కనిపిస్తుంది కాబట్టి తెలుగు మాటతో దాన్ని పట్టుకోవడం కష్టం.

మత్తయి 25:32 గురించి కూడా ఒక మాట. తీర్పు సమయంలో మనుష్యకుమారుని (యేసు) ఎదుట "సమస్త జనములు" పోగవుతారు, ఆయన "వారిని" వేరుపరుస్తాడు. గ్రీకులో జనములు నపుంసకలింగం, వారిని అన్నది పుంలింగం. పోగయ్యేది జనాలుగా, వేరయ్యేది మనుషులుగా అని దీన్నిబట్టి వాదిస్తారు. ఆ అర్థం సరైనదే కావచ్చు, ఆకలిగొన్నవారికి పెట్టడం, చెరసాలలో ఉన్నవారిని చూడడం మనుషులు చేసే పనులే. కానీ వ్యాకరణం ఒక్కటే అంత బరువు మోయలేదు. మనుషుల్ని సూచించే నపుంసక పదానికి పుంలింగ సర్వనామం వాడడం గ్రీకులో మామూలే.

"రాజ్యము" అనే మాటలోనూ చిక్కుంది. మనకు ముందు తోచేది నేల. దానికి గ్రీకు మాట బసిలేయా, దాని మొదటి అర్థం రాజరికం, ఏలుబడి. లూకా 19:12లో ఒకడు "రాజ్యము సంపాదించుకొని" రావడానికి దూరదేశం వెళ్తాడు. తెచ్చుకునేది భూమి కాదు, ఏలే అధికారం. ఈ వచనాన్ని ముందు చదివి, తర్వాత "నా రాజ్యము ఈ లోకసంబంధమైనది కాదు" అన్న యోహాను 18:36కి వెళ్తే ఆ మాట చాలా తేటగా అర్థమవుతుంది.

రోజూ చదువుకోవడానికి, కంఠతా పెట్టడానికి పాత అనువాదాన్నే వాడండి. ఈ ప్రశ్న మీద పాఠం చెప్పేవారు మాత్రం గ్రీకు పదసూచిక పక్కన లేకుండా మత్తయి 21:43ని వివరించవద్దు.