అమ్మ కళ్లజోడు: ఇంట్లో చేసిన స్మార్ట్ గ్లాసెస్‌తో పద్నాలుగు నెలలు

అమ్మకు రెండు కళ్లలోనూ మాక్యులా, అంటే కంటి లోపలి రెటీనా పొర నడిమి భాగం, దెబ్బతిని నడిమి చూపు పోయింది. పక్క చూపు ఉంది కాబట్టి ఇంట్లో తడుముకోకుండా తిరుగుతుంది, అక్షరం మాత్రం కనపడదు. భూతద్దం పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది. ఫోనులో ఏ బటన్ ఎక్కడుందో తెలీదు. అందుకని అడిగితే చదివి వినిపించే కళ్లజోడు నేనే చేసిచ్చాను. పద్నాలుగు నెలలుగా రోజూ పెట్టుకుంటోంది. చేసేటప్పుడు నా ఆలోచనంతా ఏఐ మోడల్ మీదే ఉండేది. వాడకంలోకి వచ్చాక ఎక్కువ పని పెట్టినవి బరువు, బటన్, కాడ మడిచే చోట వైరు.

అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు షావ్ ఈఎస్పీ32ఎస్3 సెన్స్. 21 × 17.8 మిల్లీమీటర్లే, మైకు, కెమెరా, బ్యాటరీ చార్జింగ్ అన్నీ అందులోనే ఉంటాయి. శబ్దం పెంచే మ్యాక్స్98357ఏ ఆంప్లిఫయర్, చిన్న స్పీకర్, 300 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీ, ఒక బటన్. అంతే సామాను. ఈ చిప్‌లో బ్లూటూత్ లో ఎనర్జీ ఒక్కటే ఉంది, పాత తరహా బ్లూటూత్ లేదు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు దీనికి కలుస్తాయనుకుని మొదలుపెట్టకండి, నాకు ఒక వారం అలాగే పోయింది.

బోర్డు కుడి కాడకి, బ్యాటరీ ఎడమ కాడకి కట్టాను. రెండూ ఒకే పక్క ఉంటే జోడు ఒరిగిపోతుంది. ఉత్త ఫ్రేము 24 గ్రాములు, ఇప్పుడు మొత్తం 53. మొదటి నమూనా 71 గ్రాములుండేది. గంట తిరక్కుండానే "ముక్కు కోసుకుపోతోందిరా" అని తీసి పక్కన పెట్టేసింది.

కరెంటు బ్యాటరీ నుంచి బోర్డుకి రావాలంటే వైరు రెండు మడతలూ దాటాలి. మొదటి రెండు నెలల్లో మూడుసార్లు తెగింది. ప్రతిసారీ సోల్డర్ (వైరుని అతికించిన టంకం) పక్కనే, రెండు మిల్లీమీటర్ల లోపే. సోల్డర్ పోగుల్లోకి పాకి అక్కడ వైరు పుల్లలా బిగుసుకుంటుంది, కాడ మడిచినప్పుడల్లా వంపు సరిగ్గా ఆ చోటే పడుతుంది. సిలికాన్ తొడుగున్న సన్నటి పోగుల వైరు వేసి, మడత దగ్గర చిటికెన వేలి గోరంత వదులు వదిలాను. సోల్డర్ మీద వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగి, దాన్ని ఫ్రేముకే అంటించాను. ఆ తర్వాత చాలా నెలలు తెగలేదు.

కెమెరా ఓవీ2640, ఫోకస్ దానంతటది మారదు. దూరంగా ఉన్న గోడ చక్కగా కనిపించేది, చేతిలో పట్టుకున్న మందు డబ్బా మాత్రం మసకే. లెన్స్ చుట్టూ ఉన్న బంక చుక్కని బ్లేడుతో గీకి, లెన్స్‌ని కొద్దికొద్దిగా విప్పుతూ, అమ్మ డబ్బా పట్టుకునే దూరానికి, అంటే 30 సెంటీమీటర్లకి, సరిచేశాను. నా మటుకు నాకు, ఈ కళ్లజోడు నిజంగా పనికొచ్చింది ఆ సాయంత్రం నుంచే.

పిలుపు మాట వింటే మేలుకునేలా చేసి చూశాను. టీవీ మాటలకే లేచి కూర్చునేది. పైగా మైకు, వైఫై ఆపకుండా నడిస్తే బ్యాటరీ రెండు గంటల చిల్లర. ఇప్పుడు నొక్కి పట్టుకుని మాట్లాడే బటన్ పెట్టాను, మిగతా వేళంతా బోర్డు నిద్రలోనే ఉంటుంది, రోజంతా వస్తోంది. అయితే నిద్ర లేచి వైఫై అందుకునేలోపు మొదటి మాట పోయేది. బటన్ నొక్కగానే రికార్డింగ్ మొదలై మెమరీలో చేరేలా మార్చాను. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్ల శబ్దం సెకనుకు 32 కిలోబైట్లే, బోర్డు మీదున్న 8 మెగాబైట్ల అదనపు మెమరీలో (పీఎస్‌ర్యామ్) అది ఒక మూలకు సరిపోతుంది.

ఎముక ద్వారా వినిపించే స్పీకర్ కూడా పెట్టి చూశాను. ప, బ, మ ఒకేలా వినబడ్డాయి, తీసేశాను. చెవి వైపు తిప్పిన మామూలు స్పీకరే నయం, కాకపోతే రోడ్డు మీద వినబడదు.

మాటను అక్షరాల్లోకి మార్చే మోడల్ ఇంట్లో కంప్యూటర్ మీదే నడుస్తుంది. భాషను తననే పోల్చుకోమంటే చిన్న ప్రశ్నల్ని ఒక్కోసారి కన్నడ లిపిలో రాసేది. తెలుగే అని ముందే చెప్పేస్తే ఆ బాధ పోయింది. ఇక జవాబులు చెప్పే ఏఐ మోడల్. "మీ హస్తమందున్న ఔషధము" అని మొదలుపెట్టేది. "ఎవర్రా ఈయన, పంతులుగారా?" అంది అమ్మ. ఇంట్లో మాట్లాడే తెలుగులో రెండు వాక్యాలకు మించకుండా చెప్పాలని, మందు అనే అనాలని సూచనల్లో రాశాను. బటన్ వదిలాక జవాబుకు నాలుగు సెకన్లు, ఫొటో కూడా పంపితే ఏడు.

మందుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒకసారి 0.5 ఉన్నచోట 5 అని చదివింది. చుక్క ఫొటోలోనే సరిగ్గా పడలేదు. ఆ రోజు పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. డబ్బా మీద పేరు చదవడం వరకే దీని పని, మోతాదు మనిషే చూడాలి. అమ్మా నేనూ ఈ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు.

కెమెరాకి కరెంటు వెళ్లే దారిలోనే చిన్న ఎర్ర లైటు కలిపాను. ప్రోగ్రాంతో దాన్ని ఆపడం కుదరదు. ఎదుటివాళ్లకు ఫొటో తీస్తున్నట్టు తెలియాల్సిందే.

పోయిన నెల వైరు మళ్లీ తెగింది. నేను ఊళ్లో లేను, నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా, "పేపరు చదివేవాళ్లు లేరురా, ఎప్పుడొస్తావు" అనే అడిగింది. వచ్చీ రాగానే జోడు బాగుచేసి, అచ్చం అలాంటిదే రెండోది మొదలుపెట్టాను. కాడలు కట్టడం అయింది, లెన్స్ దూరం సరిచేయడమే మిగిలింది.