ఒకరోజు వర్క్‌షాపా, షిఫ్ట్‌లో కోచింగా?

హోటళ్లకు కస్టమర్ సర్వీస్ శిక్షణ ఇచ్చే వ్యాపారంలో మొదట తేల్చుకోవాల్సింది ఇదే.

వర్క్‌షాప్ అమ్మడం తేలిక. ఒక ట్రైనర్, ఒక హాలు, పాతికమంది సిబ్బంది, ముందే చెప్పేసిన ఫీజు. కొత్త హోటల్ తెరిచే ముందు అందరికీ ఒకే పద్ధతి నేర్పాలంటే ఇదే మంచిది. చిక్కల్లా, హోటల్ మూడు షిఫ్టుల్లో నడుస్తుంది కాబట్టి అందరూ ఒక్కసారి దొరకరు.

కోచింగ్‌లో ట్రైనర్ రిసెప్షన్ పక్కనే నిలబడి గమనిస్తారు. గెస్ట్ వచ్చేసరికి గది సిద్ధంగా లేదనుకోండి. రిసెప్షనిస్ట్ స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే "ఇంకా రెడీ కాలేదండీ" అంటుంది. గెస్ట్ వెళ్లాక ట్రైనర్ పక్కకు పిలిచి, ముఖం చూసి మాట్లాడమని, ఎంతసేపట్లో గది ఇస్తారో చెప్పమని, సామాను తీసుకుని పెట్టమని చెప్తారు. తర్వాతి గెస్ట్ దగ్గరే ఆ అమ్మాయి అది చేసి చూస్తుంది. వర్క్‌షాప్ హాల్లో ఒకరు గెస్ట్‌గా, ఒకరు రిసెప్షనిస్ట్‌గా నటించే రోల్‌ప్లేలో ఆ టెన్షన్ రాదు, అందుకే నేర్చుకున్నది అంతగా నిలవకపోవచ్చు.

1959లో అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ శిక్షణ ఎంత పనిచేసిందో కొలవడానికి నాలుగు మెట్లు చెప్పారు: స్పందన (శిక్షణ నచ్చిందా), నేర్చుకోవడం, ప్రవర్తన (పనిలో తీరు మారిందా), ఫలితం (సంస్థకు ఏం ఒరిగింది). వర్క్‌షాప్ చివర నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి మెట్టు దాటదు. మూడోది కళ్లారా కనిపించేది కోచింగ్‌లోనే.

కాకపోతే ట్రైనర్ రోజంతా ఒకే హోటల్లో ఉండిపోతారు, ఖర్చు పెరుగుతుంది. అయినా నా ఓటు కోచింగ్‌కే. చిన్న వర్క్‌షాప్‌తో మొదలుపెట్టి, ఒప్పందంలోనే కోచింగ్ రోజులు రాయించుకోండి. సూపర్‌వైజర్లకూ నేర్పితే మీరు వెళ్లాక ఆ పని వాళ్లు కొనసాగిస్తారు.