మా షెడ్డుకు ముగ్గురు కుర్రాళ్లను పంపిన సెంటర్

బెజవాడ ఆటోనగర్‌లో నాది టూ వీలర్ షెడ్డు. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. సింగ్ నగర్ వైపు చర్చి వాళ్లు నడిపే ఒక సెంటర్ నుంచి మూడేళ్లలో ముగ్గురు కుర్రాళ్లను పనిలో పెట్టుకున్నాను. స్టేషన్లోనో బస్టాండులోనో పెరిగిన పిల్లలకు అక్కడ పని నేర్పి, పద్దెనిమిది నిండాక షెడ్లకు పంపుతారు. తోటి మేస్త్రీలు ఆ కుర్రాళ్లను నమ్మొచ్చా అని అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను. అక్కడ ఉండేవాళ్లలో చిన్నపిల్లలు ఎక్కువ కాబట్టి సెంటర్ పేరు, వీధి రాయడం లేదు. నా వరకు ఐదుకి నాలుగు స్టార్లు.

మొదటి కుర్రాణ్ణి పంపే ముందు, సెంటర్ నడిపే చర్చి సంఘంలోని బ్రదర్ ఒకాయన షెడ్డు చూడటానికి వచ్చారు. జీతం సంగతి మాట్లాడతారనుకున్నాను. ఆయన ఒక చుట్టు తిరిగి, "అన్నా, పంక్చర్ సొల్యూషన్ ఎక్కడ పెడతారు?" అని అడిగారు. బల్ల మీదే ఉంది, మూత కూడా సరిగ్గా లేదు. ప్లాట్‌ఫారం మీద బతికే పిల్లలు దాన్ని గుడ్డలో పోసుకుని పీలుస్తారట, ఆకలి తెలియకుండా. ఈ అబ్బాయి మానేసి ఏడాదిన్నర అయిందని, వాసన తగిలితే చాలు మనసు అటు లాగుతుందని చెప్పారు. ఇన్నేళ్లుగా ఆ వాసన మధ్యే అన్నం తింటున్నాను, ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు నాకు. ఆ రోజే డబ్బాలన్నీ ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. మూడు నెలలు వాడికి పంక్చర్ పని చెప్పలేదు.

నాలుగు స్టార్లలో మూడు ఆ ఒక్క ప్రశ్నకే. పని నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించేవాళ్లను చూశాను. వీళ్లు పంపాక కూడా వదలరు. ప్రతి శనివారం సాయంత్రం టీ టైముకి బ్రదర్ వస్తారు. కుర్రాడితో పది నిమిషాలు, తర్వాత నాతో విడిగా ఐదు నిమిషాలు. రెండో నెలలో వాడు నాలుగు రోజులు కనపడకుండా పోయాడు. ఫోన్ చేస్తే ఆయన సరాసరి స్టేషన్‌కి వెళ్లారు. బెజవాడ స్టేషన్ అంటే మాటలా, పది ప్లాట్‌ఫారాలు, చెన్నై నుంచి హౌరా వెళ్లే లైను, ఢిల్లీ వెళ్లే లైను విడిపోయేది ఇక్కడే. రాత్రి పదకొండు దాటాక వాణ్ణి వెంటబెట్టుకుని నాకు ఫోన్ చేశారు. "నాలుగు రోజుల జీతం కోసుకోండి అన్నా, పనిలోంచి మాత్రం తీసెయ్యకండి" అన్నారు. కోసుకున్నాను. వాడు ఇప్పుడు ఇంజన్ విప్పి బోర్ పని దాకా ఒక్కడే చూసుకుంటాడు. ఆ ఇనప పెట్టె తాళంచెవి కూడా వాడి దగ్గరే ఉంటుంది.

కుర్రాణ్ణి ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. కొట్టకూడదు, ఇంటి పనులు చెప్పకూడదు, ఆదివారం సెలవు, జీతం వాడి బ్యాంకు ఖాతాలోనే వెయ్యాలి. మొదట్లో నాకు కష్టంగానే అనిపించింది. నేను పని నేర్చుకున్నది పానాతో మొట్టికాయలు తిని. పైగా ఆదివారం పొద్దున్నే మాకు గిరాకీ. ఇలాంటి కాగితం కొత్తది కాదని బ్రదర్ చెప్పారు. ఇటలీలో టూరిన్ అనే ఊళ్లో డాన్ బాస్కో అనే ఫాదర్ 1852లోనే ఒక కుర్రాణ్ణి వడ్రంగి దగ్గర పనికి పెడుతూ ఒప్పందం రాయించారట. తప్పు చేస్తే మాటతో దిద్దాలి గానీ చెయ్యి చేసుకోకూడదని, ఆదివారాలు సెలవని అందులో ఉందట. మన ఊళ్లో 1989 నుంచి నడుస్తున్న నవజీవన్ బాల భవన్ ఆ డాన్ బాస్కో సభ వాళ్లదే. నేను చెప్పే సెంటర్ వేరే సంఘానిది, చాలా చిన్నది.

మతం మారుస్తారేమోనని మా ఆవిడ మొదట్లో భయపడింది. నేను చూసింది చెప్తాను. పొద్దున, రాత్రి ప్రార్థన ఉంటుంది, వాళ్లు దాన్ని దాచరు. రెండో కుర్రాడు భవానీ మాల వేసుకుంటానంటే మాత్రం ఎవరూ వద్దనలేదు. బ్రదరే నాకు ఫోన్ చేసి, "దీక్షలో చెప్పులు వేసుకోడు, కింద ఇనప రజను ఉంటుంది, ఆ నలభై ఒక్క రోజులూ గ్రైండర్ దగ్గర పెట్టకండి" అన్నారు. వాటర్ సర్వీసింగ్ వైపు పెట్టాను.

ఇక ఆట. సాయంత్రం ఫుట్‌బాల్, కబడ్డీ ఆడిస్తారు. బూట్లు పన్నెండు జతలే, పిల్లలు ఇరవై మందికి పైనే. సగం ఆట అవగానే కూర్చుని విప్పి, బయట ఉన్నవాళ్లకు ఇస్తారు. పెద్ద కుర్రాళ్లకు వంతులవారీగా విజిల్ ఇచ్చి రిఫరీగా నిలబెడతారు. మా రెండోవాడికి అక్కడే నోరు అదుపులోకి వచ్చిందని నా నమ్మకం. కస్టమర్ బండి లేటయిందని అరిస్తే ఇప్పుడు వాడు ఎదురు చెప్పడు, బండి దగ్గరికి తీసుకెళ్లి ఏం జరిగిందో చూపిస్తాడు.

లోపం ఒకటి ఉంది, అది చిన్నది కాదు. ట్రైనింగంతా పాత బళ్ల మీదే. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు పొగ తగ్గించే బీఎస్6 రూలు వచ్చింది, చాలా బళ్లలో పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్ పోయి సెన్సార్లతో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అక్కడ ఇంకా కార్బొరేటర్ విప్పి జెట్లు కడగడమే నేర్పుతున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఇది బాగా తెలిసింది. సింగ్ నగర్ అంతా మునిగింది, నీళ్లు తాగిన బళ్లు షెడ్డు ముందు వరస కట్టాయి. సెంటర్ నుంచి ఐదుగురు పెద్ద కుర్రాళ్లు రూపాయి అడగకుండా సాయానికి వచ్చారు. డ్రెయిన్ నట్టు తీస్తే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో కారుతోంది. పాత బళ్లను వాళ్లు చకచకా బాగు చేశారు. కొత్త బండి దగ్గరికి వచ్చేసరికి సెన్సార్ ఏదో, ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ డబ్బా ఈసీయూ ఎక్కడుంటుందో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంత పనిమంతులు అలా నిలబడటం చూసి నాకు బాధేసింది. ఒక బీఎస్6 బండి, లోపం ఎక్కడుందో చూపించే స్కానర్ ఒకటి కొనండని రెండుసార్లు చెప్పాను. డబ్బుల్లేవన్నారు. పోయిన నెల నుంచి నెలకో ఆదివారం నా స్కానర్ పట్టుకుని నేనే వెళ్తున్నాను.

కుర్రాణ్ణి తీసుకోవాలనుకునే మేస్త్రీలు నా షెడ్డుకు రండి, వెంటబెట్టుకుని తీసుకెళ్తాను. ఆఫీసు టైములో కాదు, సాయంత్రం ఐదున్నరకి, గ్రౌండ్‌కి. ఎవరింట్లోనైనా పాత బూట్లుంటే ఏడు, ఎనిమిది సైజులు పట్టుకురండి.