సాపీ 5 డిస్‌ప్లేయూఐ: సెట్టింగ్స్ బటన్ వెనక కథ

నేను రాసుకున్న చిన్న రీడింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగానికి, వాల్యూమ్‌కి స్లైడర్లు మొదట్నుంచీ ఉన్నాయి. సాపీ 5లో (విండోస్‌లో ప్రోగ్రాముల చేత మాట్లాడించడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఇంటర్‌ఫేస్) వేగం మైనస్ 10 నుంచి 10 దాకా, వాల్యూమ్ 0 నుంచి 100 దాకా. ఏ వాయిస్‌కైనా ఇదే లెక్క కాబట్టి అరగంటలో అయిపోయింది. చిక్కల్లా మిగతావాటితోనే. ఒక ఇంజిన్‌కి (వాయిస్ వెనక ఉండి మాటలు పలికించే సాఫ్ట్‌వేర్‌కి) సొంత ఉచ్చారణ పట్టిక, ఇంకోదానికి వాక్యాల మధ్య ఆగే సమయం. ఒక్కోదానికీ నేను స్క్రీన్లు గీస్తూ కూర్చోలేను.

సాపీలోని డిస్‌ప్లేయూఐ అనే మెథడ్ పనికొచ్చేది ఇక్కడే. మన విండో హ్యాండిల్ (విండోస్ ఆ విండోకి ఇచ్చే గుర్తింపు సంఖ్య), పైన కనపడాల్సిన టైటిల్, 'ఇంజిన్‌ప్రాపర్టీస్' అనే మాట ఇస్తే ఇంజిన్ తన సెట్టింగ్స్ విండో తనే తెరుస్తుంది. అందులో ఏముందో నా ప్రోగ్రామ్‌కి తెలియక్కర్లేదు. ఈ డిజైన్ నాకు భలే నచ్చింది. డాట్‌నెట్‌లో మాటల కోసం ఉన్న సిస్టమ్.స్పీచ్ లైబ్రరీలో మాత్రం ఈ మెథడ్ లేదు. ప్రాజెక్ట్‌కి సాపీ కామ్ లైబ్రరీ రెఫరెన్స్ కలుపుకుని, అందులోని ఎస్‌పీవాయిస్ ఆబ్జెక్ట్‌నే నేరుగా వాడాలి.

డిస్‌ప్లేయూఐని పిలిచేముందు, ఆ ఇంజిన్‌కి సెట్టింగ్స్ విండో ఉందో లేదో చెప్పే ఈజ్‌యూఐసపోర్టెడ్‌ని అడగడం మరవద్దు. ఆ విండో ఇవ్వడం, ఇవ్వకపోవడం ఇంజిన్ చేసినవాళ్ల ఇష్టం. నా మెషీన్‌లో నాలుగు వాయిస్‌లుంటే ఒక్కదానికే 'ఉంది' అని జవాబొచ్చింది. వాయిస్ మార్చినప్పుడల్లా మళ్లీ అడిగి, లేనివాటికి బటన్ పనిచేయకుండా ఆపేస్తున్నాను.

నేను దెబ్బతిన్నది హ్యాండిల్ దగ్గర. బద్ధకించి సున్నా ఇచ్చాను. నా దగ్గర బాగానే తెరుచుకుంది. చూపులేని నా స్నేహితుడొకడు స్క్రీన్ రీడర్‌తో (తెరమీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) టెస్ట్ చేసి ఫోన్ చేశాడు: "బటన్ నొక్కానురా, అంతే, నీ సాఫ్ట్‌వేర్ చచ్చిపోయింది." చావలేదు. సెట్టింగ్స్ విండో మెయిన్ విండో వెనక తెరుచుకుంది. అది మూసేదాకా డిస్‌ప్లేయూఐ తిరిగి రాదు, దాని కింది లైను నడవదు. వాడికి వినపడింది నిశ్శబ్దం ఒక్కటే. అసలు హ్యాండిల్ ఇచ్చాక విండో ముందుకొచ్చింది, ఫోకస్ కూడా దానికే వెళ్లింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ విండోలో ఒక్క స్లైడర్‌కీ పేరు పెట్టలేదు. స్క్రీన్ రీడర్ "స్లైడర్, 50" అంటుంది, ట్యాబ్ కొడితే మళ్లీ "స్లైడర్, 50". మాట్లాడించడమే పనిగా ఉన్న ఇంజిన్, దాని సొంత కిటికీ మాత్రం మూగది! ఇది సాపీ తప్పు కాదు, కానీ వాడేవాళ్లు తిట్టేది నన్నే. నా కోడ్‌తో ఆ లేబుళ్లు సరిచేసే దారి నాకు దొరకలేదు. అందుకే వేగం, వాల్యూమ్ నా స్క్రీన్‌లోనే ఉంచాను, మిగతావాటికే ఈ బటన్.

మా వాడు ఇప్పుడు లెక్క కంఠస్థం పట్టాడు: ట్యాబ్ మూడుసార్లు, ఎడమ బాణం రెండుసార్లు, ఎంటర్.