యిర్గాచెఫె వెళ్తే రాత్రి అక్కడే ఉండండి

మల్లెపూల వాసన, నిమ్మ పులుపు అని రాసి పావుకిలో ప్యాకెట్‌కి భారీ రేట్లు వేసే ఇథియోపియా కాఫీ ఉంది కదా, ఆ యిర్గాచెఫెకి వెళ్ళొచ్చాం. ఆడిస్ అబాబా నుంచి దక్షిణంగా సుమారు 400 కిలోమీటర్లు. దారిలో వచ్చే హవాసా నగరం దాకా ఫ్లైట్ ఉంది, రోడ్డు మీదే వెళ్తాం అంటే ముందు దారిలో పరిస్థితి ఎలా ఉందో నాలుగు చోట్ల అడిగి బయల్దేరండి.

చాలామంది హవాసాలో రూమ్ తీసుకుని పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. హవాసా బాగుంటుంది, సరస్సు, చేపల మార్కెట్, మంచి హోటళ్ళు, కాదనను. కానీ కాఫీ కోసం వెళ్ళినవాళ్ళకి అసలు పని మొదలయ్యేదే సాయంత్రం. పగలంతా రైతులు కాఫీ పళ్ళు కోసుకుని మధ్యాహ్నం దాటాక గోనెసంచులు గాడిద మీదో నెత్తి మీదో పెట్టుకుని వాషింగ్ స్టేషన్‌కి, అంటే పళ్ళు కొని, తొక్క తీసి, గింజలు కడిగి ఆరబెట్టే చోటుకి వస్తారు. ఒక్కొక్కరికి ఉండేది మహా అయితే ఎకరం రెండెకరాలు, చాలామందికి ఇంటి చుట్టూ ఉన్న చెట్లే తోట. ఒకావిడ పట్టా మీద పళ్ళు గుమ్మరించి పచ్చివి ఏరి పక్కన పడేస్తుంటే కాటా దగ్గరాయన ఇంకా ఉన్నాయి తియ్యమ్మా అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు, ఆవిడ మళ్ళీ మొదట్నుంచి ఏరింది. చీకటి పడ్డాక తొక్క తీసే మిషన్, పల్పర్, ఆన్ చేస్తారు, తొక్క ఒకవైపు, జిగురు గింజలు ఒకవైపు. ఆ గింజల్ని తొట్లలో ఒకటిన్నర నుంచి మూడు రోజులు పులియబెట్టి, కాలవల్లో కడిగి, ఎత్తుగా కట్టిన మంచెల మీద ఆరేస్తారు. ఎండ మరీ ఎక్కువైనా, రాత్రి మంచు పడినా కప్పెయ్యాలి. డే ట్రిప్ వాళ్ళు ఈ మంచెలు చూసి ఫొటోలు దిగి వెళ్ళిపోతారు, అంతే.

యిర్గాచెఫెలో స్టే మాత్రం సాదాసీదా. మాకు దొరికిన చోట వేడి నీళ్ళు ఉన్నాయన్నారు, రాలేదు, కరెంటు కూడా పోయింది. 1,800 మీటర్ల పైమాటే కాబట్టి చలి, స్వెట్టర్ తప్పనిసరి. పిల్లలతో వెళ్తే యిర్గాలెమ్ అనే ఇంకో ఊరి దగ్గర అరెగాష్ లాడ్జ్ చూడండి, అక్కడి సిడామా జనం పద్ధతిలో కట్టిన వెదురు గుడిసెలు, రాత్రి హైనాలు దగ్గరకొస్తాయి, అయితే అది యిర్గాచెఫెకి దూరం.

అరకు తోటలు చూసినవాళ్ళకి ఇక్కడ కొత్తగా అనిపించేది ఎన్‌సెట్. అచ్చం అరటి చెట్టే కానీ గెలల కోసం కాదు, కాండం, దుంప పులియబెట్టి కోచో అని రొట్టె చేస్తారు. దాని పక్కన కాఫీ, పైన పెద్ద చెట్ల నీడ, యిర్గాచెఫె ఉన్న ఈ గెడెయొ కొండలకి 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

తిండి విషయంలో వెజ్ వాళ్ళకి భయం లేదు. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం, ఫాస్టింగ్ బెయ్నెతు అడిగితే ఇంజెరా మీద పప్పులు, కూరలు వడ్డిస్తారు, ఇంజెరా పులిసిన దోసెలా ఉంటుంది, రెండోరోజుకి అలవాటైపోతుంది. టైమ్ చెప్పేటప్పుడు జాగ్రత్త, వాళ్ళ గడియారం పొద్దున ఆరింటికి మొదలు, డ్రైవర్ రెండింటికి వస్తా అంటే ఎనిమిదికి అని.

మరి కాఫీ? ఊళ్ళో తాగేది తక్కువగా వేయించిన ఆ పూల వాసన లైట్ రోస్ట్ కాదు. కళ్ళ ముందే పెనం మీద నల్లగా వేయించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి చిన్న కప్పుల్లో పోస్తారు, దక్షిణాన సదాపాకు రెమ్మ కూడా వేస్తారు. నాకు అదే నచ్చింది, మా ఆయనకి నచ్చలేదు. ఆడిస్‌లో 1953 నుంచి ఉన్న తొమోకా అనే కాఫీ షాపులో నిలబడి తాగే మాకియాటో (కాస్త పాలు కలిపిన ఎస్ప్రెస్సో) కూడా చిక్కగా, ముదురుగానే ఉంటుంది.

వెళ్తే నవంబర్, డిసెంబర్‌లోనే వెళ్ళండి, కోతలు అయిపోతే స్టేషన్లకి తాళాలే. ముందే లోకల్ గైడ్‌ని పెట్టుకుని పర్మిషన్ అడిగించండి. గింజలు మాత్రం ఆ ఊళ్ళో కొనాలని చూడొద్దు, మంచి గ్రేడ్ చాలావరకు ఎగుమతికే పోతుంది, ఆడిస్‌లో లైట్ రోస్ట్ చేసే షాపులో రోస్ట్ చేసిన డేట్ చూసి కొనుక్కోండి.